‘పైన వైఫై రావట్లేదు’: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

సహాయ దర్శకుడు: అన్నా, పైన వైఫై రావట్లేదు. సిగ్నల్ ఫుల్లుంది. ఒకసారి చూడు.
నెట్‌వర్క్ ఇంజినీరు: ఇప్పుడు చూడండి సార్.
మేనేజరు: ఇప్పుడు కింద పోయింది.

అవతారిక

ఫిల్మ్‌నగర్ కొండవాలులో మూడంతస్తుల ఇంటిని అద్దెకు తీసుకొని నడుపుతున్న ఒక సినిమా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఈ గ్రంథం వెలసినట్లు సంప్రదాయజ్ఞులు చెబుతారు. కర్తలు ముగ్గురూ సినిమా చివర గబగబా పైకి పాకిపోయే అక్షరాలలో తప్ప పేరు పడనివారు గనుక వారి నామధేయాలు నిర్ణయించడం కుదరదు. గ్రంథం ఆ ఒక్క ఆఫీసుదేనని తేల్చడానికీ వీల్లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మొదలుకొని ఫిల్మ్‌ఛాంబర్ మీదుగా దైవసన్నిధానం గుడి దాకా ఏ ఎడిటింగ్ గదిలో వాకబు చేసినా ఇదే మూలం స్వల్ప పాఠభేదాలతో దొరుకుతుంది. మెదక్ దగ్గరి కొల్చారం తనవాడని చెప్పుకొనే మహాపండితుడు కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. ఈ వ్యాఖ్య మొదటి నియమానికి కట్టుబడింది. వైఫై విషయంలో ఏది అక్కరలేనిదో ముందుగా తెలియదు గనుక రెండవదాన్ని కొంత సడలించక తప్పలేదు.

మూలంలో కనబడకపోయినా కథ నడిపే పాత్రలు రెండున్నాయి. మొదటిది యాక్సెస్ పాయింటు, అనగా సీలింగుకు బిగించి ఉండే గుండ్రని తెల్లని పెట్టె. ఆఫీసువారు దీన్ని ‘ఏపీ’ అంటారు. 2014 తరువాత ఆ రెండక్షరాలకు హైదరాబాదులో ఇంకొక స్ఫురణ కలిగే మాట నిజమే అయినా ఇచ్చట అది అప్రస్తుతం. దానికి వచ్చే ఒక్క కేబులే ఇంటర్నెట్టునూ కరెంటునూ కూడా మోస్తుంది. ఈ ఏర్పాటును పీఓఈ అంటారు, 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం, ఏపీల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే స్విచ్చి అనే పెట్టె ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు. రెండవ పాత్ర కంట్రోలర్, అనగా ఆ ఏపీలన్నింటికీ పేర్లు, పాస్‌వర్డులు, ఛానళ్ళు, శక్తి నిర్ణయించి, అవి రోజంతా ఏం చేస్తున్నదీ రాసిపెట్టుకొనే సాఫ్ట్‌వేర్. ఇది సర్వర్ గదిలోని కంప్యూటరులో ఉండవచ్చు, చిన్న పెట్టెలో ఉండవచ్చు, ఊరు కాని ఊళ్ళో క్లౌడులోనూ ఉండవచ్చు. ఇంట్లో ఒక్క రౌటరు ఉన్నవారికి దీని అవసరం తెలియదు. పది ఏపీలున్న ఆఫీసులో పాస్‌వర్డు మార్చడానికి పది పేజీలు తెరిచినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం 1997లో వచ్చినప్పుడు ఏపీకి కావలసిన బుద్ధి ఏపీలోనే ఉండేది. ఈ శతాబ్ది తొలి ఏళ్ళలో కొన్ని కంపెనీలు ఆ బుద్ధిలో కొంత తీసి ఒకచోట కూర్చోబెట్టాయి. 2005లో సిస్కో ఎయిర్‌స్పేస్ అనే కంపెనీని కొన్నాక ఈ పద్ధతి వేళ్ళూనింది. 2009లో ఏపీకీ కంట్రోలర్‌కూ మధ్య మాటలకు కాప్‌వాప్ అనే ఉమ్మడి ఒడంబడిక ప్రకటితమైంది. చిన్న ఆఫీసుల కోసం పుట్టిన యూనిఫై, ఒమాడా వంటివి తమ సొంత భాషలో అదే సంసారం నడుపుతాయి.

ప్రతిపదార్థము

అన్నా = ఓ నెట్‌వర్క్ ఇంజినీరూ; పైన = మూడవ అంతస్తునందు, కథాచర్చ జరుగు హాలులో; వైఫై = తీగ లేక వచ్చు ఇంటర్నెట్టు; రావట్లేదు = నిన్నటిదాకా వచ్చుచుండి నేడు అక్కరపడినవేళ మానినది; సిగ్నల్ = ఫోను నెత్తిన కనబడు వంపుగీతలు; ఫుల్లుంది = కొరత లేక నిండియున్నది, కనుక దోషము ఫోనుది కాదని భావము; ఒకసారి = చేయుచున్న పని వదలి; చూడు = బాగుచేయుము.

ఇప్పుడు = ఏమి చేసితివని అడుగక; చూడండి = మరల యత్నింపుడు; సార్ = రేపో మాపో దర్శకుడు కాగల మహానుభావా.

ఇప్పుడు = పై మాట ముగిసిన పది నిమిషాలకు; కింద = ఎడిటింగు, మిక్సింగు జరుగు రెండవ అంతస్తునందు; పోయింది = పైదానికి పట్టిన గతియే దీనికిని పట్టినది.

తాత్పర్యము

గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోవడం లేదని సహాయ దర్శకుడు చెప్పగా, ఇంజినీరు కంట్రోలర్ తెరిచి ఏదో చేసి మళ్ళీ చూడమన్నాడు. పైన బాగుపడింది, కింద చెడింది. ఆ ‘ఏదో’ ఏమిటన్నదే ఈ గ్రంథంలోని ముడి.

విశేషములు

‘అన్నా’ అని పిలిచి ‘చూడు’ అనడం, దానికి ‘సార్’ అని బదులిచ్చి ‘చూడండి’ అనడం గమనింపదగినవి. వయసులో ఇంజినీరే పెద్ద అయినా సినిమా ఆఫీసులో సహాయ దర్శకుణ్ణి ‘నువ్వు’ అనడానికి ఎవరూ సాహసించరు. ఏ శుక్రవారం అతడి పేరు పోస్టరు మీదికి ఎక్కుతుందో తెలియదు, ఎక్కాక పాత పిలుపులన్నీ గుర్తుకొస్తాయి. దీని మీద ఇంతకంటె చెప్పవలసింది లేదు.

‘పైన’ అన్న మాట చదునైన ఊళ్ళో సుబోధం, జూబ్లీహిల్స్‌లో దురవగాహం. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు బండల వాలు మీద లేచిన ఇళ్ళు గనుక, ముందు గేటు నుంచి మూడవ అంతస్తు అయినది వెనక రోడ్డు నుంచి చూస్తే నేల అంతస్తు కావచ్చు. అందువల్ల కంట్రోలర్‌లో ఏపీలకు ‘పైన-1’, ‘పైన-2’ అని పేర్లు పెట్టిన ఇంజినీరు తన తరువాత వచ్చేవాడికి అపకారం చేసినవాడవుతాడు. అసలు పేరే పెట్టకపోవడం అంతకంటె ఘోరం. అప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని మోడల్ పేరుతోనో, ఫ్యాక్టరీలోనే అంటగట్టిన మ్యాక్ చిరునామా అనే పన్నెండు అక్షరాల గుర్తుతోనో చూపుతుంది, అది ఏ గది సీలింగులో ఉందో నిచ్చెన వేసి చూసుకోవాలి. ‘లొకేట్’ అనే మీట నొక్కితే పెట్టె మీది దీపం మిణుకుమిణుకుమంటుంది, ఇంకొకరు గదులన్నీ తిరిగి ఎక్కడ మిణుకుతోందో కేకవేసి చెప్పాలి. ఆఫీసుబాయ్ ఉన్నచోట ఇది మంచి ఉపాయమే.

సీలింగులోని ఏపీలు ఉన్నచోటే ఉన్నా వాటి యజమానులు మారుతుంటారు, ఇది సినిమా ఆఫీసులకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు. ఒక చిత్రం కోసం ఇల్లు తీసుకొని, పూజ చేసి ఆఫీసు తెరిచి, విడుదల అయ్యాక సర్దుకొని వెళ్ళిపోవడం ఇక్కడి ఆచారం. వెళ్ళేవారు కుర్చీలు, ఏసీలు, గోడ మీది పోస్టర్లు పట్టుకుపోయినా సీలింగు దాకా చెయ్యి చాచనివారూ ఉంటారు. కంట్రోలర్ ఒక ఏపీని తన కిందికి తెచ్చుకోవడాన్ని ఆ సాఫ్ట్‌వేర్ భాషలో అడాప్షన్ అంటారు, ధర్మశాస్త్రంలో దత్తతకు ఉన్న కట్టుబాట్లు దీనికీ ఉన్నాయి. దత్తత కాని ఏపీ జాబితాలో ‘పెండింగ్’ అని కనబడుతుంది. దత్తత జరిగిన క్షణం నుంచి దాని నడవడి అంతా కొత్త ఇంటి ఆజ్ఞ ప్రకారమే. ఆ ఇల్లు వదిలిపెడితే తప్ప మరొక ఇంటికి పోవడానికి దానికి అధికారం లేదు. పాత కంట్రోలర్ ఏ లాప్‌టాప్‌లో ఉండేదో ఆ లాప్‌టాప్ ఇంకొక నిర్మాత ఆఫీసుకు వెళ్ళిపోయి ఉంటే, నిచ్చెన ఎక్కి, పెట్టెకు ఉన్న సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి కొన్ని సెకన్లు నొక్కిపట్టి, దాని పూర్వజన్మ స్మృతి చెరిపివేయడమే మార్గాంతరం.

‘పైన’ అన్నదానిలోనే గోడల విచారమూ ఇమిడి ఉంది. మిక్సింగు, డబ్బింగు థియేటర్లను శబ్దం లోపలికి రాకుండా, బయటికి పోకుండా రెండు వరుసల గోడలు, నడుమ రాక్‌వూల్, బరువైన తలుపులు పెట్టి కడతారు; శబ్దానికీ రేడియో తరంగానికీ బంధుత్వం లేకపోయినా ఒకదాన్ని ఆపడానికి పేర్చిన మందమూ, లోహపు చట్రాలూ రెండవదాన్ని కూడా నీరసింపజేస్తాయి. వరండాలో ఏపీ పెట్టి థియేటరు లోపలికి వైఫై రావాలనుకోవడం అందుచేత దురాశ. స్టూడియో ఫ్లోర్ల సంగతి వేరు. అక్కినేని నాగేశ్వరరావు 1976లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్‌లోనైనా, రామానాయుడు స్టూడియోస్‌లోనైనా ఫ్లోరు అంటే ఎత్తైన ఖాళీ శాల. కంట్రోలర్‌లోకి భవన పటం ఎక్కించి, గోడలు గీసి, ఎక్కడ సిగ్నల్ ఎంత ఉందో రంగుల్లో చూసుకొనే సౌకర్యం ఉన్నమాట నిజమే గానీ, నిన్న దర్బారు, నేడు ఆసుపత్రి, ఎల్లుండి కోర్టు హాలు అయ్యే చోట ఏ పటం గీయాలి? ప్లైవుడ్డూ ప్లాస్టర్ ఆఫ్ పారిసూ తరంగాలకు పెద్ద అడ్డు కావు. సెట్టు వెనక నిలబెట్టిన ఇనుప చట్రాలు, ఎల్‌ఈడీ తెరల గోడలు మాత్రం నిజమైన గోడలకు తీసిపోవు.

ఇక పాఠాంతరాలు. ‘వైఫై రావట్లేదు’ అన్నచోట కృష్ణానగర్ ప్రతులలో ‘వైఫై వస్తలేదు’ అని ఉంది. అది ప్రాంతీయ భేదమే, అర్థం ఒకటే. కొన్ని ప్రతులలోని ‘నెట్ రావట్లేదు’ అన్న పాఠం అలా కాదు. వైఫై ఫోనుకూ ఏపీకీ నడుమ గాలిలో దారి. నెట్ ఆఫీసు గేటు దాటి బయటి నుంచి వచ్చే ఫైబరు దారి. ఫైబరు తెగితే, కంట్రోలర్ ఆఫీసులోనే ఉన్నచోట, దాని మీద ఏపీలన్నీ పచ్చగానే వెలుగుతుంటాయి, ఫోనుల్లో గీతలు నిండుగానే ఉంటాయి, ఎవరికీ ఏమీ రాదు. ‘పైన’ అన్న విశేషణం మూలంలోనే ఉన్నందున ఆ పాఠం ఇచ్చట గ్రాహ్యం కాదు. తెగిన ఫైబరు అంతస్తులు ఎంచదు.

‘రావట్లేదు’ అన్న ఒక్క క్రియలో అనేక వైఫల్యాలు దాగి ఉంటాయి. ఫోను మొదట ఏపీతో పరిచయం చేసుకొంటుంది, పాస్‌వర్డు సరిచూపుతుంది, తరువాత డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో ఒక అంకెల చిరునామా అడిగి పుచ్చుకొంటుంది, ఆపైన వెబ్‌సైటు పేరుకు అంకెలు అడిగి తెలుసుకొంటుంది; ఏ మెట్టు మీద జారినా కూర్చున్నవాడికి ఒకటే అనుభవం. వీటిలో చిరునామాల కరువు సినిమావారికి బాగా పరిచయం, అయితే ఆ పేరుతో కాదు. మామూలుగా కట్టిన చిన్న నెట్‌వర్కులో ఇవ్వదగిన చిరునామాలు రౌటరుది కూడా కలిపి 254. వాటిని ఒక్కొక్కరికి 24 గంటల గడువుతో ఇచ్చే అమరిక ఉంటే, టీజరు విడుదల రోజున మధ్యాహ్నం వచ్చి కాఫీ తాగి వెళ్ళిన అతిథి చిరునామా మర్నాటి మధ్యాహ్నం దాకా అతడి పేరునే ఉంటుంది. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోనులు ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో మారు మ్యాక్ చిరునామా చెబుతున్నాయి గనుక ఒకే మనిషి ఇద్దరుగా, ముగ్గురుగా లెక్కకు రావడం కూడా కద్దు. ఈ గ్రంథంలోని రోగం ఇదేనని వాదించేవారున్నారు. కానీ చిరునామాలు అయిపోయినప్పుడు ‘పైన’ బాగుపడి ‘కింద’ చెడడం పొసగదు; ఆ వాదం మూడవ వాక్యం దగ్గర నిలవదు.

‘సిగ్నల్ ఫుల్లుంది’ అన్న వాక్యం ఈ గ్రంథానికి ఆయువుపట్టు, వక్త తన వాదానికి బలమనుకొని చెప్పిన మాటే ఇంజినీరుకు మొదటి ఆధారం. ఫోను గీతలు చూపేది ఏపీ గొంతు ఫోనుకు ఎంత గట్టిగా వినబడుతోందన్నది మాత్రమే. ఏపీ సెకనుకు సుమారు పదిసార్లు ‘ఇక్కడున్నాను’ అని చాటుకొంటుంది. ఆ చాటింపును కావాలనే నెమ్మదిగా, దూరానికి వినబడేలా పలుకుతుంది. ఫోను బదులు పలికితే అది సీలింగుకు చేరిందా లేదా అన్నది గీతల్లో కనబడదు. ఫోను బ్యాటరీతో బతికే జీవి, దాని గొంతు చిన్నది. ఆ రెండవ సగం కంట్రోలర్ దగ్గర ఉంటుంది: ఏ ఫోను ఎంత బలంగా వినబడుతోందో ఏపీ కొలిచి పంపిన అంకె అక్కడి పట్టికలో ప్రతి ఫోను పక్కనా ఉంటుంది. దాన్ని డీబీఎంలలో, సున్నకు కిందికి రాస్తారు. −50 అంటే గది నడుమ నిలబడ్డట్టు, ఫోను మాటలు తెగకుండా సాగాలంటే −67 దాకా ఉండాలంటారు, −80 అంటే గోడ అవతలి గుసగుస. ప్రతి మూడంకెల దిగుడుకూ బలం సగమవుతుంది, ముప్పై దిగితే వెయ్యో వంతు అవుతుంది. అంకెలు చిన్నవని అలుసుగా చూడరాదు.

ఇచ్చట ఒక శంక: రెండు వైపులా బలంగా వినబడుతున్నా రాకపోతే? సమాధానం గాలిలో ఉంది. ఒక ఛానలు మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, తక్కినవారు ఆ మాట ముగిసేదాకా వేచి ఉండాలి. వైఫై రాజ్యాంగంలో ఇది మొదటి అధికరణం. 1,500 బైట్ల మూటను సెకనుకు 300 మెగాబిట్ల వేగంతో పంపే ఫోను గాలిని 40 మైక్రోసెకన్లు వాడుకొంటే, దూరాన ఉండి 1 మెగాబిట్ వేగానికి దిగజారిన ఫోను అదే మూటకు 12 మిల్లీసెకన్లు, అనగా మూడువందల రెట్లు పట్టుకు కూర్చుంటుంది. మనదేశంలో 2005లో లైసెన్సు అక్కర తొలగిన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్ళు మూడే, 1, 6, 11. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలంగా తెరుచుకోవడంతో ఊపిరాడింది గానీ, పాత ఫోనులూ చవక పరికరాలూ ఇంకా ఆ మూడు గదుల్లోనే కాపురముంటున్నాయి. షూటింగు జరిగేచోట వాటికి తోడు ఫోకస్ పుల్లరు చేతిలోని తీగలేని ఫాలో ఫోకస్ చాలావరకు ఈ 2.4లోనే, కెమెరా నుంచి దర్శకుడి మానిటరుకు బొమ్మ పంపే పరికరం చాలావరకు 5లోనే పలుకుతుంటాయి. అవి వైఫై భాష మాట్లాడవు గనుక కంట్రోలర్ జాబితాలో వాటి పేర్లుండవు, ‘ఇంటర్‌ఫియరెన్స్’ అన్న గీత పైకి లేవడమే కనిపిస్తుంది. దర్శకుడి మానిటరు ఆగితే షూటింగు ఆగుతుంది, వైఫై ఆగితే వాట్సాప్ ఆగుతుంది. ఏది మొదట తప్పుకోవాలో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు.

గాలిని తినే మరొక వస్తువు గౌరవం. ఆఫీసుకొకటి, ఎడిటింగుకొకటి, అతిథులకొకటి చొప్పున మూడు వైఫై పేర్లు చాలు. హీరోగారికి వేరు, దర్శకుడికి వేరు, నిర్మాత కొడుక్కి వేరు అని టైటిల్ కార్డుల మాదిరిగా పెంచుకొంటూ పోతే, ప్రతి ఏపీ ప్రతి పేరునూ సెకనుకు పదేసిసార్లు నిదానంగా చాటవలసి వస్తుంది, పని మొదలుకాకముందే గాలిలో కొంత భాగం ఖర్చయిపోతుంది. పేరు వేరు చేయడం వేరు, దారి వేరు చేయడం వేరు. అతిథుల దారిని వీలాన్ అనే గోడతో విడదీసి, ఎడిటింగు యంత్రాలు వారికి కనబడకుండా చేయడమే అసలు పని. సినిమా భాగాలున్న యంత్రాలను వైఫైకే దూరంగా, కేబులు మీద ఉంచడం ఇంకా మంచిది. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు కొద్దిరోజుల ముందే సగం సినిమా బయటపడ్డప్పుడు పరిశ్రమ అంతా ఉలిక్కిపడింది. అది చేతులు మారిన డిస్కుల ద్వారా పోయిందే తప్ప గాలి ద్వారా కాదు గనుక ఆ అపవాదు వైఫైకి చెందదు.

‘ఒకసారి చూడు’ అన్నప్పుడు దేన్ని చూడాలన్నది వక్త చెప్పలేదు, శ్రోత అడగలేదు. కంట్రోలర్ తెరవగానే కనబడేది పచ్చచుక్కల వరస. పచ్చచుక్కకు అర్థం ఏపీ బతికి ఉండి కంట్రోలర్ పలకరింపుకు బదులిస్తోందని మాత్రమే. కాప్‌వాప్‌లో ఆ పలకరింపుకు ముందుగా పెట్టిన వ్యవధి 30 సెకన్లు, కాబట్టి చచ్చిన ఏపీ కూడా కాసేపు పచ్చగానే ఉంటుంది. ఆ ఏపీ కింద ఉన్న మనుషుల పని జరుగుతోందా అన్నది ఆ చుక్క ఎరగదు. ఎరిగినవి పక్క పేజీలో ఉన్నాయి: ఏపీకి ఎన్ని ఫోనులు అంటుకొని ఉన్నాయి, ఛానలు కాలంలో నూటికి ఎంత భాగం నిండిపోయింది, పంపిన మూటల్లో ఎన్ని మళ్ళీ మళ్ళీ పంపవలసి వచ్చింది. మూడవ అంతస్తు హాలులో ఆ వేళ కథాచర్చ నడుస్తోంది. రచయితలు, వారి సహాయకులు, సహాయకుల స్నేహితులు, మనిషికి రెండు ఫోనులు, ఎవరో చెప్పిన కొరియా సినిమాలోని దృశ్యాన్ని అందరూ ఒకేసారి తెరిచి చూడడం. ఛానలు నిండిపోవడానికి ఇంతకంటె కారణం వెతకనక్కరలేదు. చుక్క పచ్చగానే ఉంది, గీతలు నిండుగానే ఉన్నాయి, గాలిలో మాత్రం చోటు లేదు.

‘ఇప్పుడు చూడండి సార్’ అనడానికి ముందు ఇంజినీరు ఏం చేశాడన్న విషయంలో వ్యాఖ్యాతలు మూడు తెగలు. అతడేమీ చేయలేదనీ, రెండు నిమిషాలు ఆగి ఆ మాట పంపాడనీ, అంతలో కథాచర్చకు టీ విరామం వచ్చిందనీ నాస్తికులు. ఛానలు మార్చాడని మధ్యములు. ఏపీని రీస్టార్ట్ చేశాడని మూడవవారు. మీమాంసకులు అర్థాపత్తి అనే ప్రమాణం చెబుతారు: పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని ఊహించక తప్పదు. అదే న్యాయంతో, పైన బాగుపడిన పది నిమిషాలకే కింద చెడిందంటే పైని భారం కిందికి దిగిందని ఊహించక తప్పదు. ఏమీ చేయకపోతే అది దిగదు. ఛానలు మార్చితే కొత్త ఛానలు కింది ఏపీ ఛానలుతో ఢీకొని ఉండవచ్చు. ఇది అసంభవం కాదు. కానీ కంట్రోలర్‌లోని ఫోనుల సంఖ్య గ్రాఫు తెరిస్తే వివాదం తెగిపోతుంది: పై ఏపీ గీత ఒక్కసారిగా సున్నకు పడి కొద్దిగా లేచి ఆగింది, కింది ఏపీ గీత అదే నిమిషంలో గోడలా లేచి అక్కడే నిలిచింది. రీస్టార్ట్ పక్షమే సిద్ధాంతం.

రీస్టార్ట్ అయ్యే ఆ ఒకటి రెండు నిమిషాల్లో హాలులోని ఫోనులన్నీ శ్లాబు అవతలి కింది ఏపీని పట్టుకొన్నాయి. పై ఏపీ తిరిగి లేచాక అవి వెనక్కి రావాలిగదా అన్నది రెండవ శంక. రావు. ఏ ఏపీని పట్టుకోవాలన్నది ఫోను సొంత విచక్షణ, కంట్రోలర్‌కు దాని మీద అధికారం లేదు. ఆపిల్ ప్రకటించిన లెక్క ప్రకారం ఐఫోను తనకు వినబడే బలం −70 కంటె దిగజారితే తప్ప వేరే ఏపీ కోసం వెతకదు. శ్లాబు గుండా −68 వస్తున్న ఫోను, నెత్తిమీద −45తో పిలుస్తున్న ఏపీ ఉన్నా, కిందనే తృప్తిగా ఉంటుంది. ఖాళీ అయిన పై ఏపీ సహాయ దర్శకుడికి రాజభోగం అయింది, అందువల్ల ‘ఇప్పుడు చూడండి’ అన్నది పరమ సత్యం. కింద ఎడిటరు పంపుతున్న రివ్యూ కాపీ ఆగిపోయింది, అందువల్ల ‘ఇప్పుడు కింద పోయింది’ అన్నదీ పరమ సత్యం.

దీనికి కంట్రోలర్‌లో ఉన్న చికిత్సలు కొన్ని. 802.11కె, 802.11వీ అనే సౌకర్యాలు ఆన్ చేస్తే ఏపీ ఫోనుకు పొరుగు ఏపీల జాబితా ఇచ్చి, అటు వెళ్ళమని మర్యాదగా సూచిస్తుంది. ఫోను వినవచ్చు, వినకపోవచ్చు. అతి తక్కువ వేగాలను మూసివేస్తే దూరపు ఫోనులు గాలిని పట్టుకు కూర్చోవడం తగ్గుతుంది. ఇవి చాలనప్పుడు ‘మినిమం ఆర్‌ఎస్‌ఎస్‌ఐ’ అనే నియమం పెడతారు, అనగా ఏపీకి ఫలానా అంకె కంటె బలహీనంగా వినబడే ఫోనును మర్యాద మాని బయటికి నెట్టివేయడం. కింది ఏపీకి ఆ అంకెను −67గా పెట్టి, ఎడిటింగు మధ్యలో లేని వేళ చూసి అమలు చేస్తే, శ్లాబు మీది ఫోనులు విధి లేక తమ ఏపీకి తిరిగిపోతాయి. అయితే అదే రెండవ అంతస్తులో, బరువైన తలుపు వెనక, −72తో కష్టం మీద వేలాడుతున్న మిక్సింగు థియేటరు ఫోనులు కూడా అదే దెబ్బకు బయట పడతాయి, వాటికి తిరిగిపోవడానికి వేరే ఇల్లు లేదు. థియేటరు లోపల ఇంకొక ఏపీ పెట్టి, స్విచ్చి నుంచి వంద మీటర్లకు మించకుండా కేబులు లాగడమే దీనికి సరైన మందు. కేబులు లోపలికి రావాలంటే రాక్‌వూల్ నింపిన గోడకు రంధ్రం పెట్టాలి. దానికి సౌండ్ ఇంజినీరు ఒప్పుకొన్నట్లు ఇంతవరకు దొరికిన ఏ ప్రతిలోనూ లేదు.